మొదటిసారి పాత జెట్ బోటు కొంటున్నవారికి: నీళ్లలో నడిపి చూశాకే బేరం

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. ఎనిమిదేళ్లు, పదకొండేళ్ల వయసున్న పిల్లలతో వేసవి వారాంతాలు లూయిస్‌విల్ లేక్ మీద గడపాలనుకుంటున్నారు. ఇంతకుముందు పడవ నడిపిన అనుభవం లేదు, స్వయంగా స్పానర్ పట్టే అలవాటూ లేదు. మీ దృష్టిలో రెండు బోట్లున్నాయి. ఒకటి 180 గంటలు నడిచిన 2015 నాటి యమహా ఏఆర్190, రెండవది దానికి సగం ధర పలుకుతున్న 2008 నాటి సీ-డూ ఛాలెంజర్ 180. లాగడానికి ఇంట్లో హోండా ఒడిస్సీ వ్యాను ఉంది. ఆదివారం చూడడానికి వెళ్తున్నారు. వీటిలో ఏది తీసుకోవాలి, ఏమేమి చూసుకోవాలి అని అడిగారు. పదకొండేళ్లుగా రెండు జెట్ బోట్లు వాడినవాడిగా, మొదటిదాన్ని తెలివితక్కువగా కొన్నవాడిగా చెబుతున్నాను: యమహా తీసుకోండి, కానీ నీళ్లలో నడిపి చూశాకే డబ్బు ఇవ్వండి. అమ్మేవారు ఏ కారణం చెప్పి దానికి ఒప్పుకోకపోయినా, ఆ బోటు ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేసి వచ్చేయండి.

ముందుగా ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ఏమి వెతకాలో సగం అర్థమవుతుంది. లోతు తక్కువగా, రాళ్లతో నిండిన నదుల్లో ప్రొపెల్లర్ విరిగిపోకుండా పడవ నడపడం కోసం న్యూజిలాండ్‌కు చెందిన విలియం హామిల్టన్ 1950లలో ఈ పద్ధతిని పనికొచ్చే స్థితికి తెచ్చాడు. పడవ అడుగున ఉన్న జాలీ గుండా నీరు లోపలికి వస్తుంది, ఇంజిను తిప్పే ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం ఆ నీటిని వెనుక నాజిల్ గుండా వేగంగా తోస్తుంది, ఆ తోపుతో పడవ ముందుకు వెళ్తుంది. స్టీరింగు తిప్పితే నాజిల్ పక్కకు తిరుగుతుంది. రివర్స్ వేస్తే ఒక డొప్ప కిందికి దిగి నీటి ధారను ముందువైపుకు మళ్లిస్తుంది. ఇందులో కొత్తవారికి తెలియని సంగతులు రెండున్నాయి. ఒకటి, నీటి ధార లేకపోతే మలుపూ లేదు. ఎదురుగా ఏదో కనబడి భయంతో థ్రాటిల్ (వేగం పెంచే మీట) పూర్తిగా వదిలేస్తే, మీరు స్టీరింగు ఎంత తిప్పినా పడవ తిన్నగా దాని మీదికే పోతుంది. రెండు, మీరు చూస్తున్న ఈ తరహా బోట్లలో నిజమైన న్యూట్రల్ ఉండదు. ఆ డొప్ప సగం దిగి తోపును రెండువైపులా సమం చేస్తుందే తప్ప, ఇంజిను తిరుగుతున్నంతసేపూ ఇంపెల్లర్ కూడా తిరుగుతూనే ఉంటుంది, అడుగున జాలీ నీటిని లాగుతూనే ఉంటుంది. ప్రొపెల్లర్ లేదు కనుక పిల్లలకు క్షేమం అని అమ్మేవారు చెప్పేది సగం నిజమే. వేలాడే తాడు, లైఫ్ జాకెట్ పట్టీ, పొడవాటి జుట్టు ఆ జాలీకి దగ్గరైతే ప్రమాదమే. వెనుక నుంచి వచ్చే ధార కూడా మనిషి శరీరానికి లోపలి గాయాలు చేయగలిగినంత బలమైనది. అందుకే ఎవరైనా నీళ్లలో దిగేముందు, తిరిగి ఎక్కేముందు ఇంజిను ఆపడమే మా ఇంట్లో చట్టం.

ఇక మీ వాడకానికి ఇది సరిపోతుందా? పిల్లలను ట్యూబు మీద లాగడానికి, వెనుక వెడల్పాటి అరుగు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకోవడానికి, మధ్యాహ్నం పులిహోర డబ్బా విప్పుకుని తినడానికి దీనికి మించిన పడవ లేదు. చేపలు పట్టేవారికి, నెమ్మదిగా ఒడ్డు వెంట తిరగాలనుకునేవారికి నేను సిఫారసు చేయను. తక్కువ వేగంలో ఇది తాగినవాడిలా అటూ ఇటూ తూలుతుంది; ఎక్కువ వేగంలో ఇంజిను నిమిషానికి ఏడు వేల చుట్ల దాకా వెళ్తుంది కాబట్టి, మాట్లాడాలంటే అరవాలి. పెట్రోలు కూడా దండిగా తాగుతుంది. ఈ మూడింటికీ ఇంట్లో అందరూ సరేనన్నాకే ముందుకు వెళ్లండి.

నా మొదటి బోటు కథ ఒకటి చెబుతాను. అమ్మేవాడు తన ఇంటి ముందు గొట్టంతో నీళ్లు పెట్టి ఇంజిను స్టార్టు చేసి చూపించాడు. అది చక్కగా గుర్రుమంది, నేను చెక్కు రాసిచ్చాను. మరుసటి శనివారం టెక్సోమా లేక్‌లో దించితే, ఇంజిను ఆరు వేల చుట్లు తిరుగుతున్నా పడవ గంటకు 20 మైళ్లు దాటలేదు. పంపు విప్పి చూసిన మెకానిక్, ఇంపెల్లర్ ఇరుసుకు చుట్టుకుని కరిగి గట్టిపడిన నైలాన్ తాడు ముద్దను, గులకరాళ్లు తిని మొద్దుబారిన ఇంపెల్లర్ అంచులను, దాని చుట్టూ ఉండే, గాడి పడిన వేర్ రింగును నా ముందు పెట్టాడు. ఇంటి ముందు గొట్టం పెట్టి నడిపినప్పుడు పంపు మీద భారమే ఉండదు కాబట్టి, వీటిలో ఏ ఒక్కటీ బయటపడదు. అమ్మినవాడికి ఆ సంగతి తెలుసో లేదో నేను అడగలేదు. అడిగినా లాభం లేదు, ఎందుకంటే రసీదు మీద "ఉన్నది ఉన్నట్లుగా" అన్న మాట కింద సంతకం పెట్టినది నేనే.

కాబట్టి చూడడానికి వెళ్లినప్పుడు మెత్తలు, స్పీకర్లు, మెరుపు చూడకముందే ఒక టార్చి తీసుకుని ట్రైలర్ కిందికి దూరండి. అడుగున జాలీ కడ్డీల మధ్య నుంచి లోపలికి వెలుగు వేస్తే ఇంపెల్లర్ రెక్కలు కనిపిస్తాయి. వాటి ముందు అంచులు వంకర లేకుండా, గాట్లు పడకుండా ఉండాలి. ఆ తరువాత రెక్కల కొనలు చూడండి. రెక్కల కొనకు, చుట్టూ ఉన్న రింగుకు మధ్య ఖాళీ చాలా సన్ననిది, అర మిల్లీమీటరుకు అటూఇటూ మాత్రమే. ఆ సన్నని ఖాళీ వల్లనే నీరు వెనక్కి జారిపోకుండా తోపు వస్తుంది. కంటికి స్పష్టంగా పెద్దదిగా కనిపించినా, రింగు మీద గోరుకు తగిలేంత గాడి ఉన్నా, పంపు పనికి ఖర్చు సిద్ధం చేసుకోవాలి. నాజిల్‌ను చేత్తో పట్టి అటూఇటూ కదిపి చూడండి. కొంచెం కదలిక సహజం, గడగడలాడితే కాదు. చాలా యమహా బోట్లలో వెనుక అరుగు దగ్గర మూత తీసి చేయి పెట్టి నాచు, తాడు తీసేందుకు ఒక మార్గం ఉంటుంది. దాని బిరడాలు పగుళ్లు లేకుండా, గట్టిగా బిగుసుకునేలా ఉన్నాయో లేదో తప్పక చూడండి. సరిగా బిగించని బిరడా పంపు ఒత్తిడికి ఎగిరిపడుతుంది.

నీళ్లలో పరీక్ష ఎలా చేయాలంటే, ముందురోజే అమ్మేవారికి ఫోను చేసి, మేము వచ్చేవరకు ఇంజిను స్టార్టు చేయవద్దని చెప్పండి. వెళ్లగానే ఇంజిను మీద చేయి పెట్టండి, చల్లగా ఉండాలి. చల్లని ఇంజిను ఎలా అందుకుంటుందో చూడడం ముఖ్యం, వేడెక్కిన ఇంజిను చాలా లోపాలను దాచేస్తుంది. నీళ్లలో దించాక ఇంజిను గదిలోని గాలి పంకాను నాలుగు నిమిషాలు నడిపి, పెట్రోలు ఆవిరి పోయాకే తాళం తిప్పాలి. అమ్మేవారు ఈ పని చేయకుండా నేరుగా స్టార్టు చేస్తే, ఆయన బోటును ఎలా వాడారో మీకు అక్కడే కొంత తెలిసిపోతుంది. పది నిమిషాలు నెమ్మదిగా పోనిచ్చి, ఆపైన థ్రాటిల్ పూర్తిగా నొక్కండి. పడవ ముక్కు లేచి, కొద్ది సెకన్లలోనే చదునై నీటి మీద జారాలి. ఇంజిను కేక పెరుగుతూ, వేగం మాత్రం పెరగకపోతే అది పంపు జారుడు. తాడు చుట్టుకోవడం, రింగు అరగడం, రెక్కలు పాడవడం లేదా పంపు బిగింపుల దగ్గర గాలి చొరబడడం దానికి కారణాలు. ఇద్దరు మనుషులతో, సగం ట్యాంకుతో ఆ ఏఆర్190 ఏడు వేల చుట్లు దాటి, గంటకు 40 మైళ్లకు పైగా వెళ్లాలి. ఆ వేగంలో ఒకటి రెండు నిమిషాలు నిలకడగా నడిపి, వేడి హెచ్చరిక మోగడం లేదని చూసుకోండి. తరువాత రెండువైపులా తిప్పి, ఆపి, రివర్స్ వేసి చూడండి. ఒడ్డుకు వచ్చాక మూత ఎత్తి ఇంజిను అడుగు గదిలో ఎన్ని నీళ్లు చేరాయో చూడండి. చెంబెడు ఫరవాలేదు, బకెట్టెడు ఫరవా ఉంది.

యమహాలో ఉన్నది 1,812 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజిను, సూపర్‌చార్జర్ (ఇంజినులోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) లేనిది. మామూలు పెట్రోలుతో నడుస్తుంది, మెకానిక్కులకు బాగా అలవాటైనది, ఆయిలు వేళకు మారిస్తే ఏళ్ల తరబడి పేచీ పెట్టదు. 180 గంటలు అన్న అంకె చూసి మురిసిపోవద్దు, భయపడవద్దు. పదేళ్లలో 180 అంటే ఏడాదికి 18 గంటలు. అది సగటు వారాంతపు కుటుంబం వాడకమే. అసలు ప్రశ్న, ఆ పదేళ్లలో ప్రతి ఏటా ఆయిలు మార్చారా లేదా అన్నది. రసీదులన్నీ ఉన్న 300 గంటల బోటుకు, రసీదు ఒక్కటీ లేకుండా షెడ్డులో పడి ఉన్న 60 గంటల బోటుకు మధ్య ఎంచుకోమంటే, నేను మొదటిదే కొంటాను. నోటి లెక్కను నమ్మనక్కరలేదు: యమహా మెకానిక్ దగ్గరున్న కంప్యూటరు తగిలిస్తే మొత్తం గంటలతో పాటు, ఏ వేగంలో ఎంతసేపు నడిపారో, ఏ హెచ్చరికలు వచ్చాయో కూడా చూపిస్తుంది. అదే మెకానిక్‌తో సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించండి. నాలుగూ దాదాపు ఒకే అంకె చూపాలి. ఆయిలు పుల్ల బయటికి తీస్తే, ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనిపించిందంటే లోపలికి నీరు చేరినట్టే. ఇక మాట్లాడకుండా వచ్చేయండి.

ఈ ఇంజిను గురించి ప్రత్యేకంగా అడగవలసినది చలికాలం గురించి. యమహాలో చెరువు నీరే నేరుగా ఇంజినులోకి వెళ్లి చల్లబరుస్తుంది. ఆ నీరు లోపల నిలిచిపోయి గడ్డకడితే ఇంజిను దిమ్మె పగిలే ప్రమాదం ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా రోజుల తరబడి గడ్డకట్టిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ వారం మీ బోటు ఎక్కడుంది, నీరు తీసేశారా అని అడిగి, జవాబు చెప్పడానికి ఆయన ఎంతసేపు ఆలోచించారో గమనించండి. సముద్రంలో నడిపారా, గాల్వెస్టన్ వైపు నుంచి వచ్చిందా అని కూడా అడగండి. ఉప్పునీటిలో వాడి మంచినీటితో కడగని బోటుకు లోపలి దారులన్నీ తుప్పే. కడగడంలోనూ ఒక వరుస ఉంది. ముందు ఇంజిను స్టార్టు చేసి, ఆ తరువాతే కుళాయి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు కుళాయి, తరువాత ఇంజిను. ఈ వరుస తప్పితే నీరు వెనక్కి తన్ని సిలిండర్లలోకి చేరవచ్చు. అమ్మేవారిని ఎలా కడుగుతారో చేసి చూపించమని అడగడం మంచి పరీక్ష.

సగం ధర అంటున్న సీ-డూ సంగతికి వస్తాను. ఛాలెంజర్ చెడ్డ పడవ కాదు, తేలికైనది, చురుకైనది. అయితే దాన్ని తయారుచేసిన బీఆర్‌పీ సంస్థ 2012లోనే సీ-డూ జెట్ బోట్ల తయారీ ఆపేసింది. దానిలోని రోటాక్స్ ఇంజినుకు విడిభాగాలు దొరుకుతాయి కానీ, ఆ పడవకే ప్రత్యేకమైన సీట్లు, మూతలు, ప్యానెళ్ల కోసం పాత సామాన్లలో వెతుక్కోవాలి. అంతకన్నా పెద్ద విషయం, ఆ 215 హార్స్‌పవర్ ఇంజిను మీద సూపర్‌చార్జర్ ఉంది. ఆ కాలపు సూపర్‌చార్జర్ల లోపల పింగాణీ వాషర్లు వాడారు. అవి అరిగి పగిలితే ఆ ముక్కలు ఆయిలులో కలిసి ఇంజినంతా తిరుగుతాయి. అప్పుడు మిగిలేది ఇనుప తుక్కే. అందుకే వంద గంటలకో, రెండేళ్లకో దాన్ని విప్పి బాగు చేయించాలన్న నియమం ఉంది. చాలామంది ఆ పని చేసేటప్పుడు లోహపు వాషర్లు వేయించుకున్నారు. ఆ పని చేయించిన రసీదు చూపిస్తే మాట్లాడండి. "ఒక్క పేచీ లేదండీ, ఎప్పుడూ విప్పనే లేదు" అని గర్వంగా చెబితే, మంచి కబురు చెబుతున్నానని ఆయన అనుకుంటున్నారు కానీ, చెబుతున్నది చెడ్డ కబురు. దీనికి ప్రీమియం పెట్రోలు పోయాలి. ఇరుసు పడవలోకి వచ్చే చోట ఉన్న కార్బన్ సీలు అరిగితే నీరు లోపలికి కారుతుంది, అది కూడా చూసుకోవాలి. చెరువు నీటితో కాక కారులో మాదిరిగా మూసిన కూలంట్‌తో చల్లబడడం మాత్రం దీనిలోని సుగుణమే. స్వయంగా స్పానర్ పట్టేవారికైతే నేను అడ్డు చెప్పను. మీరు అలాంటివారు కాదని మీ ప్రశ్నలోనే రాశారు.

పడవ ఒడలు ఫైబర్‌గ్లాసు. పైపై గీతలు లెక్క కాదు. ముక్కు కింద గట్టు దగ్గర లోపలి పొర కనబడేంతగా అరిగిందా, మూలల్లో సాలెగూడులాంటి పగుళ్లున్నాయా, నేల మీద నడిస్తే ఎక్కడైనా మెత్తగా దిగుతోందా అన్నవి చూస్తే చాలు. ఇసుక ఒడ్డుకు నేరుగా ఎక్కించి ఆపడం ఇక్కడ చాలామందికి అలవాటు. ముక్కు అరుగుదల దానివల్లనే, పంపులోకి ఇసుక పోవడమూ దానివల్లనే. మూడు అడుగుల కన్నా తక్కువ లోతులో ఇంజిను నడపకూడదన్న నియమాన్ని పాత యజమాని పాటించాడో లేదో ఆ ముక్కే చెబుతుంది.

ట్రైలర్ దగ్గర మనవాళ్లందరూ ఏనుగును కొని అంకుశానికి వెనుకాడతారు. టైర్ల గాడులు చూసి బాగున్నాయనుకోవద్దు. పడవ ట్రైలర్ టైర్లు అరిగి కాదు, ఎండకు ముదిరి పేలుతాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. ఆరేళ్లు దాటితే కొత్తవి వేయించే ఖర్చు బేరంలో కలపండి. చక్రం జాకీ మీద లేపి తిప్పి, బేరింగు గరగరలాడుతోందేమో వినండి. మీ ఒడిస్సీ గురించి నిక్కచ్చిగా చెప్పాలి. దాని లాగుడు పరిమితి 3,500 పౌండ్లు. ఏఆర్190, ట్రైలర్, నిండు ట్యాంకు, కూలర్, సామాను కలిపితే బరువు దాదాపు అక్కడికే చేరుతుంది. ఆపైన నలుగురు లోపల కూర్చుంటారు. ఇంజిను శక్తి ముందు చక్రాలకే అందే బండి, పడవను నీళ్లలోకి దించే నాచు పట్టిన ర్యాంపు మీద వెనుక బరువు కిందికి లాగుతుంటే, ముందు చక్రాల పట్టు తగ్గి జారుతుంది. ర్యాంపు మీద వరుసలో పదిమంది చూస్తుండగా టైర్లు పొగ కక్కడం నేను కళ్లారా చూశాను. 5,000 పౌండ్లు లాగగల, నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందే బండి ఏదైనా ఉంటే తప్ప, బోటు ధరకు బండి ధర కూడా కలుపుకోక తప్పదు. లేదా, చెరువు పక్కనే నిలువ చోటు అద్దెకు తీసుకుని లాగే దూరం తగ్గించుకోవాలి. ఎలాగూ ఫ్రిస్కోలో చాలా కాలనీల సంఘాలు ఇంటి ముందు బోటు నిలపనివ్వవు కాబట్టి, ఆ అద్దె మీకు తప్పకపోవచ్చు.

కాగితాల విషయంలో పొరపాటు చేస్తే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. టెక్సాస్‌లో బోటు టైటిలు (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషను టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ చూస్తుంది. ట్రైలర్ రిజిస్ట్రేషను మాత్రం మీ కౌంటీ పన్ను కార్యాలయంలో చేయించుకోవాలి. ఇవి రెండు వేర్వేరు పనులు కాబట్టి, రెండింటి కాగితాలూ అడగండి. పడవ వెనుక, కుడివైపు పైభాగంలో 12 అక్షరాల గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది. దాని చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. ఆ సంఖ్య టైటిలు మీద ఉన్నదానితో అక్షరం అక్షరం కలవాలి, టైటిలు మీద ఉన్న పేరు మీకు అమ్ముతున్న మనిషిదే అయి ఉండాలి. బ్యాంకు అప్పు ఉందేమో చూసి, ఉంటే బ్యాంకులోనే కూర్చుని డబ్బు కట్టి విడుదల కాగితం తీసుకోండి. తరువాత పంపిస్తానన్న మాట మీద డబ్బు ఇవ్వకండి. పేరు మార్చుకునేటప్పుడు కొన్న ధర మీద 6.25 శాతం పన్ను ఉంటుంది, దాన్ని కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

ధర విషయంలో, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఇక్కడ క్యాలెండరును బట్టి మారుతుంది. మార్చి నుంచి జూన్ వరకు కొనేవాడికి కొరివే. అక్టోబరు వచ్చేసరికి, శీతాకాలం అద్దె కట్టలేక అమ్మేవాళ్లే అడవిలో పడతారు. టెక్సాస్‌లో నవంబరు తొలి వారాల దాకా నీళ్లలో పరీక్ష హాయిగా చేయవచ్చు కనుక, తొందర లేకపోతే అప్పటిదాకా ఆగండి. ఎంత మంచి బోటైనా, కొన్న ధరలో పదో వంతు మొదటి ఏడాది సర్వీసు, టైర్లు, బ్యాటరీ, లైఫ్ జాకెట్ల కోసం పక్కన పెట్టండి. బీమా తీసుకునేటప్పుడు, ముందే ఒప్పుకున్న విలువ ఇచ్చే పాలసీనా, తరుగు తీసి ఇచ్చేదా అన్నది అడిగి మొదటిదే తీసుకోండి.

చట్టం ప్రకారం కావలసినవి కొన్ని ఉన్నాయి. పదమూడేళ్ల లోపు పిల్లలు పడవ కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, కనుక మీ పిల్లలిద్దరికీ ఇది వర్తిస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి, 26 అడుగుల లోపు బోటు నడిపేవారు ఇంజిను ఆపే తాడును ఒంటికి తగిలించుకోవడం దేశమంతటా తప్పనిసరి. నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజిను ఆగిపోతుంది. 1993 సెప్టెంబరు 1న లేదా ఆ తరువాత పుట్టినవారు టెక్సాస్‌లో ఇలాంటి బోటు నడపాలంటే బోటింగ్ పాఠం పూర్తి చేయాలి. మీరు అంతకు ముందు పుట్టినవారైనా, భార్యాభర్తలిద్దరూ దాన్ని చేయండి. ఒకరికి ఏదైనా జరిగితే రెండవవారు ఒడ్డుకు చేర్చగలగాలి. తిరిగి నింపడానికి వీలులేని మంట ఆర్పే డబ్బా తయారై 12 ఏళ్లు దాటితే చెల్లదు. లూయిస్‌విల్, రే రాబర్ట్స్, టెక్సోమా చెరువుల్లో జీబ్రా ఆల్చిప్పలు అనే, చెరువు నుంచి చెరువుకు పాకే జీవులు పాతుకుపోయాయి. అందువల్ల ఇంటికి బయలుదేరేముందు పడవలో నీటినంతా తీసేయాలన్నది చట్టం. బోటును ఆరబెట్టకుండా మరో చెరువులో దించడం ఆ జీవిని అక్కడికి మోసుకెళ్లడమే.

మొదటి రెండు మూడు సార్లు, పిల్లలు లేకుండా, వారం మధ్యలో పొద్దున్నే వెళ్లండి. ఖాళీ ర్యాంపు మీద ట్రైలర్‌ను వెనక్కి నడపడం, కాస్త గాలి ఉన్నా రేవుకు ఆనించడం, థ్రాటిల్ వదలకుండా మలుపు తిప్పడం అలవాటు చేసుకోండి. పడవ వెనుక అడుగున ఉండే నీటి బిరడా బిగించకుండా దించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు దాన్ని కారు తాళాల గుత్తికే తగిలించి ఉంచుతాను, బిగించనిదే బండి స్టార్టు కాదు. ఆదివారం చూడడానికి వెళ్తున్నప్పుడు జాలీ లోపలి భాగానికి, నాజిల్‌కు, టైరు ముద్రకు, గుర్తింపు సంఖ్యకు, ఆయిలు పుల్లకు ఫొటోలు తీసుకుని ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.